మందుగుండుకు గడువెక్కడిది?

వదంతికి కాళ్లు లేవంటారు. రెక్కలున్నప్పుడు కాళ్లతో పనేమిటి? 2009లో అటువంటి వదంతి ఒకటి సముద్రాలు దాటి వచ్చి బెళుగుప్పలోని మా వసారాలో వాలింది. టెక్సాస్‌లో స్థిరపడిన మా మేనల్లుడు ఫోనులో ఇలా అన్నాడు: “మామా, సర్కారోళ్లు తూటాలకు గడువు పెడతారంట. అందుకే దొరికినన్ని కొనిపెట్టుకుంటి.”

తూటా అడుగున, సుత్తి దెబ్బకు నిప్పురవ్వ పుట్టించే చిన్న లోహపు గిన్నె ఉంటుంది. దానినే ప్రైమర్ అంటారు. 2008 నవంబరులో ఒబామా ఎన్నికైన తరువాత అమెరికా తుపాకి ప్రియులలో ఒక ప్రచారం రాజుకొన్నది. ఇకపై తయారయ్యే ప్రైమర్లు కొంతకాలానికి వాటంతటవే చచ్చుపడేటట్లు ప్రభుత్వం ఆజ్ఞాపించబోతున్నదనీ, దాచుకున్న తూటాలు మట్టిబెడ్డలతో సమానమవుతాయనీ దాని సారాంశం. జనం అంగళ్ల మీద పడ్డారు. అరలు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీ అరలనే చూపించి “చూశారా, నిజమే!” అన్నారు. తాము సృష్టించిన కరవునే తమ భయానికి సాక్ష్యంగా నిలబెట్టుకొన్నారు. ఒబామా ఏలిన 8 ఏళ్లలో అటువంటి చట్టం రాలేదు. ఆ తరువాతా రాలేదు. లాభపడినది అమ్మినవాడు. మా మేనల్లుడి పెట్టెలు నేటికీ అతని గరాజులో ఉన్నాయి; అందులోని ప్రైమర్లు నేటికీ పేలుతున్నాయట.

ఇది అమెరికా వారి వెర్రి అని నవ్వి ఊరుకోవచ్చును. కాని ఆ భయపు వేళ్లు మన మట్టిలోనూ ఉన్నాయి. తుపాకి లైసెన్సు గల పెద్దమనిషిని ఎవరినైనా కదిలించి చూడండి, ప్రభుత్వం తన ఆయుధాన్ని మెల్లమెల్లగా లాగేసుకుంటున్నదని వాపోతాడు. ఇంతకూ మన చట్టం చేసినదేమిటి? 1878 నాటి తెల్లదొరల ఆయుధ చట్టం స్థానంలో 1959లో మన చట్టం వచ్చింది. మందుగుండు అన్న మాటకు అది చెప్పిన నిర్వచనంలో తూటాలే కాదు, వాటి భాగాలూ, కేంద్రం ప్రకటించే ముడిపదార్థాలూ చేరాయి. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్యను 3 నుండి 2కు తగ్గించింది. అదే సవరణ లైసెన్సు కాలాన్ని 3 ఏళ్ల నుండి 5 ఏళ్లకు పెంచింది. ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చునో లైసెన్సులోనే రాసి ఉంటుంది. అంటే మన చట్టం గడువు పెట్టినది మనిషి చేతిలోని కాగితానికి. తూటాలోని మందుకు ఏ గడువూ పెట్టలేదు.

“చట్టం కట్టేసేది చట్టానికి లోబడినవాడినే కదా!” అని లైసెన్సుదారు అడుగుతాడు. ఆ మాటలో సగం సత్యమున్నదని ఒప్పుకొంటాను. ఎన్నికలు వచ్చాయంటే అతడు తుపాకిని పోలీసు ఠాణాలో అప్పగించి రసీదు పుచ్చుకొంటాడు. నాటుబాంబు చుట్టినవాడికి రసీదూ లేదు, గడువూ లేదు. 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం బాంబునే కాక, దానికి వాడే సరుకును కూడా నేరంగా ఎంచింది. అయినా సీమలో ముఠాలు దశాబ్దాల తరబడి బాంబులు చుడుతూనే వచ్చాయి. 2005 జనవరి 24న అనంతపురం నడిబొడ్డున పరిటాల రవి తుపాకిగుళ్లకు బలైన నాడు ఏ కాగితం గడువు ఎవరిని కాపాడింది? అయితే మిగిలిన సగం మాటేమిటి? కట్టుబాటు అందరినీ ఆపలేదు కాబట్టి ఎవరికీ కట్టుబాటే వద్దనడం, చెరువుకు గండిపడింది కాబట్టి కట్టనే తవ్వేద్దామనడం వంటిది.

మందుకు గడువు లేకపోవడమంటే ఏమిటో సీమవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. కక్షలు చల్లారిన ఊళ్లలో, పునాదులు తవ్వుతుండగా, గడ్డివాములు పీకుతుండగా పాత నాటుబాంబులు బయటపడ్డ వార్తలు ఎన్ని చదవలేదు? బంతి అనుకొని చేతికి తీసుకొన్న పసివాళ్ల సంగతులు ఎన్ని వినలేదు? చుట్టినవాడు పోయాడు. ఎవరి కోసం చుట్టాడో ఆ శత్రువూ పోయాడు. పగ కూడా పోయింది. మందు మాత్రం మట్టి కింద మెలకువగా ఉన్నది.

దీని పక్కన మా వేరుశనగ విత్తనాన్ని పెట్టి చూడండి. ధ్రువీకరించిన విత్తనానికి పరీక్ష జరిగిన నాటి నుండి 9 నెలలే గడువు; మళ్లీ పరీక్షకు నిలిస్తే మరో 6 నెలలు. ఒలిచిన పప్పైతే ఇంకా త్వరగా మొలకశక్తి కోల్పోతుందని కాయలుగానే దాచుకొంటాము. జీడిపల్లి జలాశయం మా మండలంలోనే ఉన్నా, వానను నమ్ముకొన్న ఎర్రచేలకు ఆకాశమే దిక్కు. జూన్, జూలై మాసాలలో పదును తప్పితే విత్తనానికీ, అప్పుకూ, రైతుకూ అన్నింటికీ గడువు ముంచుకొస్తుంది. విత్తనం చచ్చిపోతున్నదని భయపడి ప్రపంచంలో ఎక్కడైనా జనం వదంతులు పుట్టించారా? అంగళ్ల మీద పడ్డారా? అన్నం పెట్టే గింజ చచ్చిపోవడం సహజమట, ప్రాణం తీసే మందు చచ్చిపోవడం మాత్రం హక్కుల హరణమట!

ఆ వదంతి అబద్ధమని తేలినందుకు మా మేనల్లుడు ఊపిరి పీల్చుకొన్నాడు. నాకు మాత్రం, అది అబద్ధమైనందుకు విచారం కలిగింది. పదేళ్లకో, ఇరవై ఏళ్లకో దానంతటదే చచ్చే మందు ఎవరైనా నిజంగా కనిపెట్టి ఉంటే, మా సీమ నేలలో ఇప్పటికి ఎన్ని పగలు నిశ్శబ్దంగా మట్టిలో కలిసిపోయి ఉండేవి! నాగలి కర్రు భయం లేకుండా ఎంత లోతుకు దిగి ఉండేది!