అరిగిందా, అరగదీసినారా?

మా అవ్వకి రోలు నున్నబడితే "రోలు అరిగిందిరా, గంట్లు కొట్టించాల" అనడం అలవాటు. తాత చెప్పు మడమ ఒక పక్కే పోతే మాత్రం ఆ మాట అనేది కాదు. "ఈ మనిషి అరగదీసినాడు" అనేది. అరగడం దానంతట అది జరిగేది. అరగదీయడం ఎవరో చేసేది. ఈ రెండు మాటల నడుమ ఉన్న తేడా విలువ ఎంతో నాకు యాభై రెండో ఏట, కోయంబత్తూరులో ఒక సర్వీస్ సెంటరు ఏసీ గదిలో తెలిసింది. 19,350 రూపాయలు.

కారు కొని పదకొండు నెలలు. పెట్రోలు బండి, ఆటోమేటిక్ గేరు. కంపెనీ పేరు రాయను, రాస్తే తగవు ఆ పేరు మీదికి పోతుంది. ఈ తగవు అందరితోనూ ఉండాల్సింది. 7,900 కిలోమీటర్ల దగ్గర ముందు చక్రం కీచుమంది. తీసుకుపోతే "ప్యాడ్లు అయిపోయినాయి సార్" అని రెండు పక్కలా మార్చి 5,840 రూపాయల బిల్లు ఇచ్చినారు. కట్టేసినాను. ఒక్క మాట అడగలేదు. పాత ప్యాడ్లు చూపించమనలేదు. పక్క కుర్చీల్లో నలుగురు కూర్చోనుంటే, ఐదారు వేల కోసం నోరు చేసుకునేది ఏముంది అనుకున్నాను. ఈ రాతలో తప్పు ఎవరిది అని మీరు వెతికితే నా పేరు కూడా అందులో రాసుకోండి.

తరవాత 13,600 దగ్గర, కూనూరులో పెళ్లి చూసుకుని దిగుతున్నాం. వెనక సీట్లో అమ్మ. "ఏందో మాడిన వాసన వస్తాండాది" అనింది. పెళ్లి భోజనం మూటలోది అనుకున్నాను. బర్లియారులో టీ కోసం ఆపి దిగితే వాసన ఎడమ ముందు చక్రం దగ్గర. చెయ్యి దగ్గరికి తీసుకుపోతే పొయ్యి సెగ కొట్టినట్టు ఉంది. కుడి చక్రం దగ్గర మామూలు వెచ్చదనమే. అక్కడ ముప్పావు గంట కూర్చుని, చల్లారినాక, మొదటి గేరులో పెట్టుకుని మెల్లగా మేట్టుపాళయం చేరినాం. అమ్మకి ఏమీ చెప్పలేదు. ఆమెకి అర్థమయిందనే అనుకుంటాను, దారంతా మాట్లాడలేదు.

మరుసటి రోజు సర్వీస్ సెంటరులో లెక్క: ప్యాడ్లు, రెండు డిస్కులు, కూలి, ఇంకేదో "క్లీనింగ్", మొత్తం 19,350. ఐదు వేల ఏడు వందల కిలోమీటర్లకే ఎట్లా పోయినాయి అని అడిగితే ఆ పిల్లవాడు తమిళంలో ఒకే మాట అన్నాడు: "తేయ్‌మానం సార్." అంటే అరుగుదల. వారంటీలో రాదు. పైగా, "మీరు ఘాట్ రోడ్డులో తిప్పుతారు కదా, డ్రైవింగ్ స్టైల్ అట్లా."

ఈ మాటతోనే నా పోట్లాట.

డ్రైవింగ్ మాట అబద్ధం అనను. కూనూరు సుమారు 1,850 మీటర్ల ఎత్తు, మేట్టుపాళయం మూడు వందల పైచిలుకు. అంటే కిలోమీటరున్నర కిందికి దిగడం. మనుషులతో కలిపి టన్నున్నర బరువున్న కారు అంత ఎత్తు నుంచి దిగితే వచ్చే శక్తి, మొత్తం వేడిగా మారితే, డెబ్బై అయిదు లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. అందులో కొంత గాలికి, టైర్లకి పోతుంది. మిగతాది ఇంజిను పట్టాల, లేదా బ్రేకు మింగాల. మా తాత బస్సు షెడ్డులో ఫిట్టరు. ఆయన చెప్పిన సూత్రం ఇంట్లో అందరికీ నోటికి వచ్చు: "ఎక్కిన గేరులోనే దిగాల." ఆటోమేటిక్ బండిని 'డి'లో వదిలేసి దిగితే ఇంజిను పట్టు తక్కువ, పనంతా బ్రేకు మీద పడుతుంది. నేనూ మొదట్లో అట్లా దిగినవాణ్ణే, ఒప్పుకుంటాను. మన పిల్లకాయలు, ముఖ్యంగా ఈ మధ్య ఆటోమేటిక్ కొన్నవాళ్లు, 'ఎల్' గానీ మాన్యువల్ మోడు గానీ ఎందుకు ఇచ్చినారో తెలుసుకోవాల. వాల్పారై దారిలో నలభై వంపులు, దింబంలో ఇరవై ఏడు. అక్కడ నేర్చుకుందాం అనుకుంటే కుదరదు.

కానీ నా కాలు నొక్కేది ఒకే పెడలు. అది నాలుగు చక్రాలకీ పోతుంది. ఎడమ ముందు చక్రంలో, అదీ లోపలి వైపు ప్యాడు ఒక్కదాన్ని మాత్రం నొక్కే స్టైలు ఏ డ్రైవరుకీ లేదు.

మా మేనబావకి పీళమేడులో లేతు పట్టరై ఉంది. ఆయన జేబులో వెర్నియరు పెట్టుకుని వచ్చినాడు. చక్రం విప్పమన్నాం. లోపలికి కస్టమరు రాకూడదు అన్నారు, ఇన్సూరెన్సు అన్నారు, మేనేజరు భోజనానికి పోయినాడు అన్నారు. మేము కదల్లేదు. చివరికి విప్పినారు. కుడి చక్రంలో రెండు ప్యాడ్లూ ఆరేసి మిల్లీమీటర్లు. ఎడమ చక్రంలో బయటిది ఏడు, లోపలిది ఒకటికి తక్కువ. కొత్త ప్యాడు మీద మందు సుమారు పది మిల్లీమీటర్లు ఉంటుంది. రెండు మూడుకి వస్తే మార్చేది. అంటే నాలుగింట్లో మూడు బాగానే ఉన్నాయి, ఒకటి మాత్రం ఇనుము దాకా పోయింది.

ఎందుకు పోయిందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇట్లాంటి బ్రేకులో నూనె ఒత్తిడికి కదిలే పిస్టను లోపలి వైపే ఉంటుంది. అది లోపలి ప్యాడును డిస్కుకి నొక్కుతుంది. అప్పుడు క్యాలిపరు తన పిన్నుల మీద జరిగి బయటి ప్యాడును లాక్కొస్తుంది. ఆ పిన్నులు పట్టేస్తే క్యాలిపరు జరగదు, కాలు తీసినా సరిగా వదలదు. లోపలి ప్యాడు డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది, పగలూ రాత్రీ, ఘాట్‌లోనూ అవినాశి రోడ్డులోనూ. మా బండిలో ఒక పిన్ను రబ్బరు తొడుగు చిరిగి, లోపల నీళ్లు చేరి, తుప్పు పట్టి ఉంది. సుత్తి వేస్తే గానీ బయటికి రాలేదు.

చూడండి ఇప్పుడు. మొదటిసారి 7,900 దగ్గర ప్యాడ్లు మార్చినప్పుడే ఆ పిన్నులు తీసి, తుడిచి, గ్రీజు పెట్టి ఉండాల. అది ప్యాడ్లు మార్చే పనిలో భాగం. వేళ్ల మీద లెక్కపెట్టే నిమిషాల పని, చిటికెడు గ్రీజు ఖర్చు. చెయ్యలేదు. తొడుగు ఫ్యాక్టరీలోనే చిరిగిందో, మొదటి సర్వీసులో చిరిగిందో నాకు తెలియదు, తెలియాల్సిన పనీ నాది కాదు. రెండింట్లో ఏదైనా అది అరుగుదల కాదు. అరగదీసినారు.

వారంటీ పుస్తకంలో ప్యాడ్లు రావు అని ఉంది, నిజమే. వైపరు, క్లచ్చు, ప్యాడు, ఇవి అరిగే సామాన్లు. క్యాలిపరు అట్లాంటిది కాదు. క్యాలిపరు చెడిపోయి ప్యాడును తినేస్తే, ఇంటి కప్పు కారి బియ్యం బూజు పట్టినట్టు. బియ్యం పాడయ్యే వస్తువే కదా అని కొత్తిల్లు కట్టిన మేస్త్రి తప్పించుకుంటాడా? 'తేయ్‌మానం' అనే మాట వాళ్లకి కారణం కాదు, తలుపు గొళ్లెం. అది వేసినాక ఎందుకు అనే ప్రశ్న లోపలికి రాలేదు.

డిస్కుల సంగతి ఇంకా బాగుంది. ప్రతి డిస్కు మీదా ఎంత సన్నబడేదాకా వాడవచ్చో అంకె కొట్టి ఉంటుంది. మాదాని మీద 20. వెర్నియరు పెడితే 21.4. పగుళ్లు లేవు, లోతు గీతలు లేవు. అవతలి డిస్కు ఇంకా మందం. మార్చాల్సిన అవసరం ఎక్కడుంది? "ప్యాడ్లతో పాటు మారిస్తే సేఫ్టీ సార్" అన్నాడు. అంకె చూపించినాం. ఎస్టిమేటు కాగితం తీసుకుని లోపలికి పోయినాడు, డిస్కులు లేని కాగితం తెచ్చినాడు. అడగని వాళ్లకి ఆ మొదటి కాగితమే బిల్లు అవుతుంది.

మన బంధువుల్లోనే కొందరు నన్ను తప్పు పట్టినారు. హోసూరు పెదనాన్న ఫోనులో, "బ్రేకు విషయంలో బేరమేందిరా, ప్రాణాల కంటే ఎక్కువా?" అన్నారు. పెదనాన్నా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ప్రాణం కోసమే ఈ బేరం. ఏమీ అడగకుండా 19,350 కట్టి ఉంటే కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు వచ్చేవి. తుప్పు పట్టిన పిన్ను మాత్రం అట్లాగే ఉండేది. ఇంకో ఐదు వేల కిలోమీటర్లకి అమ్మ మళ్లీ ఆ వాసనే పీల్చేది. డబ్బు ఎక్కువ కట్టినవాడు ఎక్కువ భద్రంగా ఉంటాడు అనే భ్రమ మీదే ఈ వ్యాపారం నడుస్తోంది.

ఇంకొకటి, మనకి మోటారు కొత్త కాదు. మన తెలుగింటి బిడ్డ జి.డి. నాయుడు 1920లో పొళ్లాచ్చి, పళని నడుమ ఒక్క బస్సుతో మొదలుపెట్టి, తనే నడిపి, ఈ ఊరికి మోటారు పిచ్చి అంటించినాడు. లేతు లేని వీధి లేదనిపించే ఊరు ఇది. ఇక్కడ పుట్టి పెరిగి, "మాకేం తెలుసు, వాళ్లు చెప్పిందే" అని కార్డు గీకేసి రావడం నాకు సిగ్గుగా ఉంది. షెడ్డులో పాత లైనింగు ఓనరు చేతిలో పెట్టకుండా కొత్తది బిగించేవాళ్లు కాదని తాత చెప్పేవాడు. ఇప్పుడు కాఫీ ఇస్తారు, లైనింగు చూపించరు.

చివరికి పిన్నులు, తొడుగులు ఊరికే మార్చినారు. బిల్లులో 'గుడ్‌విల్' అని రాసినారు. దయ దలిచినారంట! వారంటీ అని రాయమన్నాను, సిస్టంలో రాదన్నారు. అయితే జాబ్ కార్డు మీద నాలుగు ప్యాడ్ల కొలతలూ, పిన్ను పట్టేసిన విషయమూ రాసి సంతకం పెట్టండి అన్నాను. గంట పట్టింది, పెట్టినారు. ప్యాడ్లకి సగం డబ్బు నేను కట్టినాను. మొదటి 5,840 తిరిగి ఇవ్వమంటే నవ్వినారు.

ఆ నవ్వుకి జవాబుగా 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేసినాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషనుకి పోతాను. 2019 చట్టం ప్రకారం రెండేళ్ల లోపల వెయ్యవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. మన లాగా ఊళ్లు పట్టుకు తిరిగే కుటుంబాలకి పనికొచ్చేది ఇంకొకటుంది: బండి ఎక్కడ కొన్నా, మనం ఉండే ఊళ్లోనే కేసు వెయ్యవచ్చు. హోసూరులో కొని సోలాపూరులో ఉండే వాళ్లు గుర్తుపెట్టుకోండి. బావ అంటాడు, 5,840 కోసం తిరిగే పెట్రోలుకే అంత అవుతుందని. కావచ్చు. ఆయన వెర్నియరు మాత్రం అడిగితే మళ్లీ ఇస్తానన్నాడు.

పాత ప్యాడ్లు నాలుగూ దినపత్రికలో చుట్టి, ఏది ఏ పక్కదో రాసి, తాత పనిముట్ల పెట్టెలో పెట్టినాను. ఆడి మాసం పోయినాక అమ్మని మళ్లీ కూనూరు తీసుకుపోవాల, పెళ్లికూతురు సీమంతం. దిగేటప్పుడు బర్లియారులో ఆపి, టీ చెప్పి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తాను.