ఇల్లు బసగా మారితే...

సొంత ఇంటిని రోజుల లెక్కన అద్దెకివ్వడాన్ని నగరాలు అనుమతించాలా, వద్దా? ప్రపంచంలోని చాలా నగరాల్లో ఈ చర్చ జరుగుతోంది. యజమాని ఆస్తిహక్కు గురించి, పర్యాటక ఆదాయం గురించి, పన్నుల గురించి, ఇరుగుపొరుగు నిద్ర చెడిపోవడం గురించి మాట్లాడుతున్నారు. ఆ ఇంటిని రోజూ కడిగి తుడిచేదెవరు, ఆ ఇల్లు బసగా మారినందువల్ల అద్దె కట్టలేక ఊరి చివరకు వెళ్ళేదెవరు అనే ప్రశ్నలు మాత్రం పెద్దగా వినిపించడం లేదు. ఇది హోటళ్ళవాళ్ళకూ ఇళ్ళ యజమానులకూ మధ్య తగాదా అని మనం పక్కన పెట్టేయడానికి వీల్లేదు. ఇల్లు స్త్రీల శ్రమతో, భద్రతతో ఇంతగా ముడిపడి ఉన్నప్పుడు ఇది మన ప్రశ్న కూడా.

ఈ వ్యాపారం ఎలా మొదలైందో గుర్తు చేసుకోవాలి. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటి అద్దె కట్టడానికి ఇబ్బందిపడిన ఇద్దరు యువకులు తమ ఇంట్లో గాలిపరుపులు పరిచి అతిథులకు చోటిచ్చారు. మరుసటి ఏడు అది ఎయిర్‌బీఎన్‌బీ అనే సంస్థ అయింది. సొంత ఇంట్లో ఖాళీగా ఉన్న గది, దాంతో నాలుగు డబ్బులు - ఇందులో స్త్రీలకు ఉపయోగపడే అంశం లేకపోలేదు. బయటికెళ్ళి పనిచేసే వీలులేని స్త్రీకి, పిల్లలు దూరమై ఒంటరిగా మిగిలిన పెద్దావిడకు, భర్త పోయాక ఇల్లొక్కటే ఆధారమైన మనిషికి ఇదొక ఆదాయ మార్గం. 2016లో గుజరాత్‌లోని 'సేవ' సంస్థ గ్రామీణ స్త్రీల ఇళ్ళలో అతిథుల బస కోసం ఇదే ఎయిర్‌బీఎన్‌బీతో ఒప్పందం చేసుకుంది కూడా. స్త్రీలు తమ ఇంటిమీద తాము సంపాదించుకుంటే కాదనేవాళ్ళం మనమెవరం?

అయితే నగరాల్లో జరిగింది వేరు. అక్కడ అద్దెకు పోయింది గదులు మాత్రమే కాదు, ఇళ్ళకిళ్ళే. బార్సిలోనా అనుభవం మనం జాగ్రత్తగా చూడాలి. ఒక ఫ్లాటును నెల అద్దెకిస్తే వచ్చేదానికంటే యాత్రికులకు రోజువారీగా ఇస్తే చాలా ఎక్కువ వస్తుంది. అలాంటప్పుడు యజమాని అక్కడ కాపురముంటున్న కుటుంబాన్ని ఎందుకు ఉంచుకుంటాడు? గడువు తీరగానే ఖాళీ చేయిస్తాడు. 2014 వేసవిలోనే బార్సిలోనెటా అనే సముద్రతీరపు పేటలో ప్రజలు దీనికి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు. ఇళ్ళ నుంచి గెంటివేతలను అడ్డుకునే ఉద్యమానికి నాయకత్వం వహించిన ఆదా కొలావ్ 2015లో ఆ నగరానికి మొదటి మహిళా మేయర్ అయ్యారు. 2016లో, లైసెన్సు లేని ఫ్లాట్లను ప్రకటించినందుకు నగర పాలక సంస్థ ఎయిర్‌బీఎన్‌బీకి 6 లక్షల యూరోల జరిమానా వేసింది.

2020లో అచ్చయిన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన ప్రకారం ఈ వ్యాపారం వల్ల బార్సిలోనాలో అద్దెలు సగటున 1.9 శాతం, ఇది బాగా విస్తరించిన పేటల్లో 7 శాతం పెరిగాయి. 1.9 శాతమే కదా అనిపించవచ్చు. కానీ సగటు అనేది ఎవరింట్లోనూ కాపురం చెయ్యదు. ఆ 7 శాతం పడిన పేటలో, ఒక్క జీతంమీద పిల్లల్ని పెంచుకుంటున్న తల్లికి అది పిల్లవాడి బడి మారడం, పనికి రెండు బస్సులు ఎక్కడం, అవసరానికి బిడ్డను చూసుకునే పక్కింటామె దూరమవడం. ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కట్టుకున్న ఇరుగుపొరుగు అనే ఆసరా ఏ లెక్కల్లోనూ కనిపించదు.

చివరకు 2024 జూన్‌లో మేయర్ జౌమె కొల్‌బోని, నగరంలోని 10,101 యాత్రిక ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత పొడిగించబోమని ప్రకటించారు. పదేళ్ళలో అద్దెలు 68 శాతం పెరిగాయని ఆయన చెప్పిన కారణం. దీనికి ఆధారమైన కాటలోనియా చట్టాన్ని 2025 మార్చిలో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం సమర్థించింది. ఇంటి ఆస్తికి సామాజిక బాధ్యత కూడా ఉంటుందన్న సూత్రానికి ఇది బలమిచ్చిందని నేననుకుంటున్నాను.

కానీ నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. ఇదే బార్సిలోనా 2021లో సొంత ఇంట్లో ఒక గదిని 31 రోజులకంటే తక్కువ కాలానికి అద్దెకివ్వడాన్ని నిషేధించింది. అంటే ఫ్లాటు మొత్తాన్ని యాత్రికులకిచ్చే లైసెన్సుదారుకు 2028 దాకా గడువుంది, తన ఇంట్లోనే ఉంటూ ఒక్క గది ఇచ్చుకునే ఆవిడ మాత్రం ఆ రోజునుంచే నేరస్థురాలు. నిబంధన ఎప్పుడూ బలహీనుల మీదే ముందు పడుతుందనడానికి ఇంతకంటే ఏం కావాలి? న్యూయార్క్ దీనికి భిన్నంగా ఆలోచించింది. అక్కడ 2023 సెప్టెంబరు నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం 30 రోజుల లోపు బస ఇవ్వాలంటే నగరంలో నమోదు చేసుకోవాలి, ఇంటివాళ్ళు అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. ఈ తేడా మనకు కొత్తదేమీ కాదు. మన కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపు పథకంలో కూడా యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే నివసించాలన్నది ప్రధాన షరతు.

ఇక శ్రమ సంగతి. స్పెయిన్‌లో హోటల్ గదులు శుభ్రం చేసే స్త్రీలు 'లాస్ కెల్లీస్' పేరుతో సంఘం పెట్టుకున్నారు. 'శుభ్రం చేసే ఆమె' అనే అర్థమిచ్చే స్పానిష్ మాటల నుంచి పుట్టిన పేరది. గదికింతని చెల్లించే కాంట్రాక్టు పద్ధతిమీద, నడుంనొప్పులమీద వాళ్ళు పోరాడుతున్నారు. హోటల్లో దోపిడీ లేదని కాదు. కానీ ఒక కప్పు కింద ముప్ఫైమంది స్త్రీలు పనిచేస్తే ఒకరి కష్టం ఒకరికి తెలుస్తుంది, సంఘం పెట్టుకునే వీలుంటుంది. రోజువారీ ఫ్లాట్లలో ఒక స్త్రీ తాళంచెవులు పట్టుకుని ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ఒంటరిగా తిరుగుతుంది. అతిథి దగ్గర 'శుభ్రతకు' అని విడిగా వసూలు చేసిన డబ్బులో ఆమె చేతికి ఎంత వస్తోందో ఎవరడుగుతున్నారు? తెలియని మగవాడున్న ఫ్లాటు తలుపు తట్టాల్సివచ్చినప్పుడు ఆమెకు దిక్కెవరు? 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం నివాసగృహాన్ని కూడా పనిస్థలంగానే గుర్తించింది. పదిమంది కన్నా తక్కువ పనివాళ్ళున్నచోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతి ఆమెకు చెప్పాల్సిన బాధ్యత మన సంఘాలది కాదా?

'మనలాంటి ఒంటరి స్త్రీలకు ఇలాంటి బసలే నయం' అని ఒక మిత్రురాలు నాతో వాదించింది. ఆమె మాటలో నిజముంది. హైదరాబాదులో ఇల్లు వెతుక్కున్న ఒంటరి స్త్రీని అడిగి చూడండి. 'మీవారేం చేస్తారు?' అన్నది మొదటి ప్రశ్న, 'మీరేవిట్లు?' అన్నది రెండోది. దళిత స్త్రీకి, ముస్లిం స్త్రీకి ఆ రెండో ప్రశ్న దగ్గరే తలుపు మూసుకుంటుంది. ఫోనులో డబ్బు కడితే ఏ ప్రశ్నా లేకుండా తాళంచెవి దొరకడం వాళ్ళకు ఊరటే. కానీ వివక్ష అక్కడ మాయమైందా? 2017లో వెలువడిన హార్వర్డ్ పరిశోధకుల అధ్యయనంలో, నల్లజాతివారి పేర్లని గుర్తుపట్టగలిగే పేర్లతో అడిగినవాళ్ళకు ఎయిర్‌బీఎన్‌బీలో ఇల్లు దొరికే అవకాశం 16 శాతం తక్కువని తేలింది. పేరు చెప్పే పనిని ప్రశ్న చెయ్యనక్కర్లేదు. ఇళ్ళలో రహస్య కెమెరాల భయం కూడా ఉంది. బసల లోపల కెమెరాలు పెట్టడాన్ని ఆ సంస్థ పూర్తిగా నిషేధించింది 2024లో మాత్రమే. అద్దె ఇళ్ళలో కులమత వివక్షకు పరిష్కారం వివక్షను చట్టంతో ఎదుర్కోవడమే గానీ, రోజుకింతని కట్టి దాన్నుంచి తప్పించుకోవడం కాదు.

మనం అప్రమత్తంగా ఉండాల్సింది ఇంకో వైపునుంచి కూడా. నేనుండే అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటును ఇలా రోజువారీగా ఇస్తున్నారని సంఘం సమావేశం పెట్టారు. గంటసేపు జరిగిన చర్చంతా 'ఎవరెవరో ఆడపిల్లలు వస్తున్నారు, పెళ్ళికాని జంటలు వస్తున్నారు' అన్న దాని చుట్టూనే తిరిగింది. అద్దెలు పెరుగుతాయనీ, అక్కడ పనిచేసే అమ్మాయికి జీతమెంతనీ ఒక్కరూ అడగలేదు. నియంత్రణ కోరుతూ మనం మాట్లాడే మాటలు ఇలాంటి నీతి కాపలాదారుల చేతిలో ఆయుధం కాకూడదు. ఇద్దరు వయోజనులు ఏ గదిలో ఉన్నారన్నది నగరపాలక సంస్థకు అక్కర్లేదు. ఆ ఇంట్లో కాపురమెవరిది అన్నదే అక్కర.

కాబట్టి నా అభిప్రాయం ఇది. తాను నివసించే ఇంట్లో గది ఇచ్చుకోవడాన్ని నగరం అనుమతించాలి, సులువైన నమోదుతో, నామమాత్రపు రుసుముతో. ఎవరూ నివసించని ఇంటిని బసగా మార్చడాన్ని నివాసప్రాంతాల్లో అనుమతించకూడదు. అది వ్యాపారం కనుక హోటళ్ళకు వర్తించే పన్నులూ, కార్మిక చట్టాలూ దానికీ వర్తించాలి. లైసెన్సు కాగితంమీద అక్కడ శుభ్రం చేసేవారి వేతనం, యజమాని ఎవరన్న వివరం ఉండాలి.

చట్టం వచ్చాక కూడా న్యూయార్క్‌లో అద్దెలు దిగిరాలేదని ఈ కంపెనీలు గుర్తుచేస్తున్నాయి. నిజమే, అద్దెలు పెరగడానికి కారణం ఇదొక్కటే కాదు. చాలినన్ని ఇళ్ళు కట్టని ప్రభుత్వాల బాధ్యత ఈ నిబంధనతో తీరిపోదు. కానీ ఉన్న ఇళ్ళను కాపాడుకోవడం, కొత్త ఇళ్ళకోసం పోరాడడం ఒకదానికొకటి అడ్డు కావు. ఇళ్ళ పట్టాలు స్త్రీల పేరున ఇవ్వాలని మనం అడిగాం. ఇప్పుడు పట్టాలేని స్త్రీల గురించి, నెలనెలా అద్దె కట్టుకునే స్త్రీల గురించి, ఆ ఇళ్ళను తుడిచే స్త్రీల గురించి కలిపి మాట్లాడాలి. ఇళ్ళపనివారి సంఘాలూ, ఒంటరి స్త్రీల సంఘాలూ కలిసి కూర్చుని ఈ చర్చను ముందుకు తీసుకెళతాయని ఆశిస్తున్నాను.