విడువకపోవడం వేరు, విడువలేకపోవడం వేరు

“కుక్కే కదా!”

మా టామీ పోయిన మరునాడు నేను విన్న మొదటి ఓదార్పు ఇది. అన్నది పక్కింటి పెద్దాయన. మనిషి మంచివాడు, నా కళ్ళు చూసి తేలికపరచాలనే అన్నాడు. ఆయనను తప్పుపట్టను. మనిషి పోతే మనకు మైల ఉంది, పలకరింపులు ఉన్నాయి, పదకొండో రోజు ఉంది. ఏడవడానికి ఇన్ని రోజులని లెక్క ఉంది. కుక్క పోతే ఏదీ లేదు. మరునాడు మామూలుగా ఆఫీసుకు వెళ్ళవలసిందే. లోకం గుర్తించని ఇటువంటి దుఃఖం గురించి అమెరికాలో కెన్నెత్ డోకా అనే ఆచార్యుడు 1989లోనే ఒక గ్రంథం వెలువరించాడు. లోకం గుర్తించనంత మాత్రాన దుఃఖం తగ్గదు. తోడు లేకుండా మోయవలసి వస్తుంది, అంతే.

తెలుగు వ్యాకరణం ప్రకారం కుక్క అమహత్తు. ‘అది’ అనాలి. మా ఇంట్లో పదమూడేళ్ళపాటు ఎవరూ అలా అనలేదు కనుక నేనూ ‘వాడు’ అనే రాస్తాను.

2011 వర్షాకాలంలో, వీధి చివర కిరాణా కొట్టు అరుగు కింద వణుకుతూ దొరికాడు. జాతికుక్క కాదు, వట్టి ఊరకుక్క పిల్ల. కుక్కకు టామీ తప్ప వేరే పేరు పెట్టవచ్చునని మా అమ్మకు తోచలేదు. “గడప దాటి లోపలికి వస్తే ఊరుకోను” అని ఆమె పెట్టిన నిబంధన నెల తిరక్కుండానే సడలింది. ఆ తరువాత వాడు రోజూ ఆమె మంచం కిందే పడుకునేవాడు. రాత్రి పెరుగన్నంలో చివరి ముద్ద వాడిది.

2024 వేసవిలో వాడి నీళ్ళ గిన్నె మాటిమాటికీ ఖాళీ అవుతూ వచ్చింది. ఎండలు కదా అనుకున్నాము. రాత్రిళ్ళు బయటకు వెళ్ళాలని తలుపు గీకేవాడు. ముసలితనం అనుకున్నాము. పెరుగన్నం ముట్టకుండా ముఖం తిప్పుకున్న నాడు గాని పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళలేదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ 6.8 అని వచ్చింది. ఒకటిన్నర లోపు ఉండవలసిన అంకె అది. మూత్రపిండాల శక్తి దాదాపు ముప్పాతిక వంతు పోయేదాకా ఈ అంకె పెరగదని, ఒకసారి పోయిన భాగం తిరిగి రాదని డాక్టరుగారు చెప్పారు. కుక్కను పెంచుకుంటున్నవారు ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: పెద్దవయసు కుక్క ఉన్నట్టుండి ఎక్కువగా నీళ్ళు తాగడం మొదలుపెడితే నెపాన్ని ఎండల మీదికి నెట్టకండి.

ఇక మొదలయింది మా సేవ. రోజూ మెడ వెనుక చర్మం కింద సెలైన్ ఎక్కించడం నేను నేర్చుకున్నాను. అమ్మ తల పట్టుకునేది. మొదటి వారం కాస్త తేరుకున్నాడు, రెండు ముద్దలు తిన్నాడు. మూడో వారానికి నోట్లో పుళ్ళు లేచాయి, ఊపిరిలో అదోరకమైన ఘాటు వాసన, తిన్నదంతా వాంతి. ఒక సాయంత్రం నేను సెలైన్ సీసా తీయగానే వాడు లేచి, తూలుకుంటూ, మంచం కింద గోడవైపుకు జరిగిపోయాడు. పదమూడేళ్ళలో నన్ను చూసి వాడు దాక్కోవడం అదే మొదలు.

డాక్టరుగారు అంతకుముందే మెల్లగా ఒక సూచన చేశారు, బాధ లేకుండా సాగనంపే ఉపాయం ఉందని. “మన చేతులతో మనమే చంపుకుంటామా నాయనా?” అంది అమ్మ. నేను ఇంకో మెట్టు పైకెక్కి, “ధర్మరాజు స్వర్గం వద్దన్నాడు గాని కుక్కను వదల్లేదండీ” అని ఆయనతోనే అన్నాను. అలా తొమ్మిది రోజులు గడిపాను. ఆ తొమ్మిది రోజుల గురించే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఎవరికీ తెలియని కథ కాదు. మహాప్రస్థానంలో ద్రౌపది, తమ్ముళ్ళు ఒక్కొక్కరే పడిపోతారు. ధర్మరాజు వెనుదిరగకుండా నడుస్తాడు. చివరికి కుక్క ఒక్కటే మిగులుతుంది. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమంటాడు. వదలనంటాడు ధర్మరాజు. ఇంతవరకు మనమందరం చెప్పుకుంటాము. వ్యాసభారతంలో ఇంద్రుడు ఆ తరువాత వేసే ప్రశ్నను అంతగా పట్టించుకోము: తమ్ముళ్ళనూ భార్యనూ వదిలి వచ్చినవాడివి, ఈ కుక్కను ఎందుకు వదలవు? దానికి ధర్మరాజు సమాధానం సూటిగా ఉంటుంది. చనిపోయినవారిని నేను బతికించలేను, బతికి ఉండగా వారిని విడిచిపెట్టలేదు, అంటాడు.

వాడు మంచం కింద దాక్కున్న రాత్రి ఈ సంభాషణ నాకు వేరే విధంగా అర్థమైంది. ఆ కథ సూదిమందుకు అనుమతి ఇచ్చిందని నేను అనను, అది అతివ్యాఖ్య అవుతుంది. కాని ధర్మరాజు కుక్క కోసం వదులుకోబోయింది తన సుఖాన్ని. నేను ధర్మరాజు పేరు చెప్పి కాపాడుకుంటున్నది ఎవరి సుఖాన్ని? ఇంట్లో టామీ ఇంకా ఊపిరి పీలుస్తున్నాడన్న ఊరట నాది. దాని వెల చెల్లిస్తున్నది వాడు. నా స్వర్గం కోసం వాడిని బాధపెడుతూ, అదే వాడి మీద ప్రేమ అనుకుంటున్నాను.

విడువకపోవడం ధర్మం. విడువలేకపోవడం మన బలహీనత. పైకి రెండూ ఒకేలా కనబడతాయి.

ఈ రెంటినీ వేరుచేయడానికి మనసు ఒక్కటే చాలదు. అలిస్ విల్లలోబోస్ అనే అమెరికన్ పశువైద్యురాలు 2004లో ఒక కొలమానం ప్రతిపాదించారు. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, ఉల్లాసం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా అన్న లెక్క. ఈ ఏడింటికీ పదేసి మార్కులు. మేము అంత శాస్త్రీయంగా చేయలేదు. గోడమీది క్యాలెండరులో మంచి రోజుకు సున్నా, చెడ్డ రోజుకు అడ్డగీత పెట్టాము. పన్నెండు రోజులలో రెండే సున్నాలు. వాటిలో ఒకటి వాడు తోక ఆడించినందుకు అమ్మ పట్టుబట్టి పెట్టించినది. ఆ క్యాలెండరు ముందు నిలబడి అమ్మే అంది, “ఇంక చాలు నాయనా, వాణ్ణి పోనీ” అని.

ఇది అందరికీ ఒకటే దారి అని నా వాదన కాదు. నొప్పి తెలియకుండా మందులిచ్చి, సహజంగా పోయేదాకా పక్కన కూర్చునేవారిని నేను గౌరవిస్తాను. ముసలిదయిందని, ఇల్లు మారుతున్నామని సూదిమందు అడిగేవారితో నాకు పొత్తు లేదు. జబ్బుపడిన కుక్కను ఊరవతల దింపి వచ్చేవారితో అసలే లేదు. వాళ్ళది విడిచిపెట్టడం. ఏ దారి ఎంచుకున్నా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ రోజు మనం వైద్యం చేస్తున్నది దాని బాధకా, మన భయానికా?

ఎంచుకున్నాక గది వదిలి వెళ్ళకూడదని మాత్రం గట్టిగా చెబుతాను. చూడలేమని బయట నిలబడాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. అమ్మ లోపలికి నడిచింది గనుక నేనూ నడిచాను. ముందు మత్తుమందు ఇచ్చారు. వాడి గడ్డం అమ్మ అరచేతిలో ఉంది. తరువాత నరంలోకి రెండో మందు. అది ముందు స్పృహను, ఆపైన ఊపిరినీ గుండెనూ ఆపుతుందని డాక్టరుగారు చెబుతూనే ఉన్నారు, అంతలోనే అయిపోయింది. లోతుగా పూడ్చమని, ఆ మందు శరీరంలోనే నిలిచి ఉంటుంది కనుక ఏ జంతువైనా తవ్వి తింటే ప్రమాదమని హెచ్చరించారు. పెరట్లో జామచెట్టు పక్కన నడుము లోతు తవ్వాము.

తొమ్మిది రోజులు ఆలస్యం చేశానన్న బాధ నాకు ఇంకా ఉంది. తొందరపడ్డామేమోనన్న సందేహం అమ్మకు ఉంది. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉంటున్నాయి. ఇప్పటికీ ఆమె పెరుగన్నం ముగించేటప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది. చివరి ముద్ద వీధిలోకి తీసుకువెళ్ళి పెడుతుంది.

మీకు తెలిసినవారి ఇంట్లో కుక్క పోయిందని వింటే, ఒకసారి పలకరింపుకు వెళ్ళిరండి. వేదాంతం అక్కరలేదు. దాని పేరేమిటో, ఎలా దొరికిందో, ఏమంటే ఇష్టంగా తినేదో అడగండి. వాళ్ళు చెబుతారు. చెబుతున్నంతసేపు విని రండి.