డబ్బు కదలదు, సాక్ష్యం కదులుతుంది



దుబాయిలో ఉద్యోగం చేస్తున్న తన కుమారుని గురించి ఒక తండ్రి మాకు లేఖ రాశారు. ఆ యువకుడు తీరిక వేళల్లో ఒక విదేశీ సంస్థకు బొమ్మలు గీసి పంపి, ప్రతిఫలాన్ని యూఎస్‌డీసీ అనే డిజిటల్ డాలర్ల రూపంలో అందుకుంటున్నాడు. ఇథీరియం బ్లాక్‌చైన్‌పై ఉన్న ఆ టోకెన్లను, రుసుములు తక్కువన్న ఆలోచనతో, అవలాంచ్ అనే మరో బ్లాక్‌చైన్‌కు మార్చబోయాడు. ఇక్కడ నిల్వ సున్నా అయింది, అక్కడ ఏమీ కనిపించలేదు. ఆందోళనతో ఒక చర్చా బృందంలో సహాయం కోరగా, కొన్ని నిమిషాల్లోనే ఒక అపరిచితుడు పలకరించి, వాలెట్ రహస్య పదాలు చెబితే డబ్బు వెనక్కి రప్పిస్తానన్నాడు. “మా అబ్బాయి కష్టార్జితం దారిలో ఎక్కడ చిక్కుకుంది? ఆ మనిషిని నమ్మవచ్చునా?” అని ఆ తండ్రి అడుగుతున్నారు.

రెండవ ప్రశ్నకు సమాధానం ముందే చెబుతాము: నమ్మకూడదు. ఎందుకు నమ్మకూడదో మొదటి ప్రశ్నకు సమాధానం తెలిస్తే దానంతట అదే బోధపడుతుంది.

ప్రతి బ్లాక్‌చైన్ తనకు తానుగా ఒక ఖాతా పుస్తకం. ఇథీరియం పుస్తకంలో ఏమి రాసి ఉన్నదో అవలాంచ్ పుస్తకానికి స్వయంగా తెలియదు. కనుక ఒక పుస్తకంలోని టోకెన్ నడిచి వెళ్లి మరొక పుస్తకంలో కూర్చోవడం అసాధ్యం. మన పెద్దల కాలంలో వర్తకులు వాడిన హుండీని గుర్తు చేసుకుందాము. ఒక ఊరిలోని కొట్లో సొమ్ము చెల్లించి చీటీ తీసుకుంటే, మరో ఊరిలోని కొట్లో ఆ చీటీ చూపి సొమ్ము పుచ్చుకునేవారు. నాణేలు ఊరు దాటేవి కావు, దాటినది చీటీ మాత్రమే. బ్లాక్‌చైన్ల మధ్య బదిలీ కూడా అంతే. డబ్బు కదలదు, “అక్కడ చెల్లింపు జరిగింది” అనే సాక్ష్యం కదులుతుంది. కాబట్టి ఈ ఏర్పాటు భద్రత అంతా ఆ సాక్షి ఎవరు, ఆ చీటీని పరీక్షించేది ఎవరు అన్నదానిపైనే ఆధారపడి ఉంటుంది.

మొదటి తరం బ్రిడ్జీలలో అసలు టోకెన్లను ఒకచోట తాళం వేసి ఉంచి, వాటికి బదులుగా రెండవచోట ప్రతిరూప టోకెన్లను ఇచ్చేవారు. దీనివల్ల ఒకేచోట పెద్ద నిధి పోగుపడేది. నిధి ఉన్నచోటికి దొంగ చూపు పోకుండా ఉంటుందా? 2022 మార్చి 23న రోనిన్ అనే బ్రిడ్జీ నుండి 1,73,600 ఈథర్‌లు, 2 కోట్ల 55 లక్షల యూఎస్‌డీసీ దోపిడీకి గురయ్యాయి. ఆ బ్రిడ్జీకి 9 మంది సాక్షులు ఉండేవారు, అయిదుగురు సంతకం చేస్తే చాలు, సొమ్ము విడుదలయ్యేది. అయితే ఆ తొమ్మిదింటిలో 4 తాళపుచెవులు ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. అయిదవది, గతంలో తాత్కాలికంగా ఇచ్చి ఆనక రద్దు చేయడం మరచిన ఒక అనుమతి ద్వారా దొరికింది. పేరుకు తొమ్మిది మంది సాక్షులు, వాస్తవానికి వారిలో నలుగురు ఒకే ఇంటివారు! ఒక వినియోగదారు తన 5,000 ఈథర్‌లు తీసుకోలేకపోయినప్పుడు, అంటే 6 రోజుల తరువాత గానీ చోరీ జరిగిన సంగతి బయటపడలేదు.

అదే ఏడాది ఫిబ్రవరిలో వార్మ్‌హోల్ బ్రిడ్జీలో సాక్షులు తప్పు చేయలేదు, సంతకాలను సరిచూసే చోట లోపం ఉన్నది. దొంగ చీటీ అసలు చీటీగా చెల్లి, 1,20,000 ఈథర్‌ల ప్రతిరూపాలు ఏ ఆధారమూ లేకుండా పుట్టుకొచ్చాయి. ఆగస్టులో నోమాడ్ బ్రిడ్జీని ముంచినది మరింత విచిత్రమైన సంగతి. మెరుగుపరచడానికి చేసిన మార్పులోనే పొరపాటు దొర్లి, ఖాళీ చీటీ సైతం చెల్లుబాటైంది. ఒకరు చేసినది చూసి వందలాది మంది దోచుకున్నారు. ‘కొత్తది’ అన్న మాట ఒక్కటే భద్రతకు హామీ కాదని దీనివల్ల గ్రహించాలి.

ఈ అనుభవాల తరువాత మరో పద్ధతి ప్రాచుర్యంలోకి వచ్చింది. యూఎస్‌డీసీని జారీ చేసే సర్కిల్ సంస్థ 2023 ఏప్రిల్‌లో సీసీటీపీ అనే ప్రోటోకాల్‌ను తెచ్చింది. ఇందులో తాళం వేసిన నిధి ఉండదు. మొదటి బ్లాక్‌చైన్‌లో టోకెన్లు శాశ్వతంగా రద్దవుతాయి. రద్దు జరిగినదని సర్కిల్ ధ్రువపత్రం ఇస్తుంది. ఆ పత్రాన్ని రెండవ బ్లాక్‌చైన్‌లో సమర్పిస్తే అంతే సంఖ్యలో అసలైన టోకెన్లు కొత్తగా జారీ అవుతాయి. తొలి రూపంలో ఇథీరియం నుండి బదిలీకి సుమారు 13 నుండి 19 నిమిషాలు పట్టేది, ఎందుకంటే రద్దు ఇక తిరుగులేనిదని తేలేవరకు సాక్షి ఆగేవాడు. 2025 మార్చిలో వచ్చిన రెండవ రూపంలో సెకన్లలో పని ముగించే వెసులుబాటు ఉన్నది. అంత తొందరపాటుతో వచ్చే ప్రమాదాన్ని సంస్థ ఒక పరిమితి మేరకు తానే భరించి, అందుకు చిన్న రుసుము తీసుకుంటుంది. అయినా ఒక మాట దాచకూడదు: ఇక్కడ సాక్షి ఒకే ఒక్క సంస్థ. నిధి దోపిడీ భయం తొలగింది గానీ, నమ్మకం అంతా ఒకేచోట నిలిచింది.

ఇప్పుడు ఆ యువకుని విషయానికి వద్దాము. లేఖతో జతపరచిన వివరాలను బట్టి చూస్తే, ఇథీరియంలో రద్దు సక్రమంగానే జరిగింది, ధ్రువపత్రమూ వచ్చింది. దానిని అవలాంచ్‌లో సమర్పించే చివరి మెట్టు మాత్రమే మిగిలిపోయింది. ఆ మెట్టుకు అవలాంచ్ సొంత నాణెంలో కొద్దిపాటి రుసుము చెల్లించాలి, అది అతని వాలెట్‌లో లేదు. నమ్మకమైన ఎక్స్ఛేంజీ నుండి ఆ నాణెం కొద్దిగా తెప్పించుకుని, తాను మొదట బదిలీ ప్రారంభించిన చోటనే ఆ పని పూర్తి చేస్తే సరిపోతుంది.

ఇక్కడ ముఖ్యంగా గమనించవలసినది ఒకటి ఉన్నది. ఆ పత్రాన్ని ఎవరు సమర్పించినా సరే, టోకెన్లు అందులో రాసి ఉన్న చిరునామాకే చేరతాయి. అంటే నిజంగా సహాయం చేయదలచినవారికి మీ రహస్య పదాలతో పనే లేదు. వాటిని అడిగినవాడు బదిలీని పూర్తి చేయడానికి కాదు, వాలెట్‌ను ఊడ్చుకుపోవడానికే వచ్చాడని నిశ్చయంగా తెలుసుకోవచ్చు.

మన ఇళ్లలో పిల్లలు ఇటువంటి లావాదేవీలు చేస్తుంటే, వారిని మందలించే ముందు మూడు ప్రశ్నలు అడగండి. అక్కడ అందేది అసలు టోకెనా, ప్రతిరూపమా? సాక్ష్యం ఇచ్చేది ఎవరు? ముందుగా చిన్న మొత్తం పంపి చూశావా? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని బదిలీని మరునాటికి వాయిదా వేయడంలో నష్టమేమీ లేదు. పరదేశంలో చెమటోడ్చి సంపాదించిన సొమ్ము ఇంటిల్లిపాదికీ అమానత్. దానిని ఒక సాక్షి మాటపై పంపుతున్నప్పుడు, ఆ సాక్షి ఎవరో అడిగి తెలుసుకోవడం అనుమానం కాదు, బాధ్యత.