దస్తరం విప్పండి

పట్వారీ దస్తరం అంటే ఏమిటో మన వాడల్లో పెద్దమనుషులను అడగండి. గుడ్డలో చుట్టి, ముడేసి, పట్వారీ ఇంట్లో పెట్టుకునేవాడు. దున్నేది ఒకరు, పహాణీలో పేరు ఇంకొకరిది. ఇదేందని అడిగితే "దస్తరంలో లేదు" అని ఒక్క మాట. ఆ మాటకు అప్పీలు లేదు. చదువు రాని మాల మాదిగలకు ఆ ముడి విప్పి చూసే దారీ లేదు.

1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీలను, కరణం మునసబులను రద్దు చేసింది. పట్వారీ పోయాడు. మరి దస్తరం ఎక్కడికి పోయింది? తిరిగి తిరిగి కంప్యూటర్లోకి పోయింది. ఇప్పుడు మండలాఫీసుకు పోతే "దస్తరంలో లేదు" అనరు. "సిస్టంలో చూపిస్తలేదు" అంటారు. మాట మారింది, మనిషి వుత్త చేతులతో ఇంటికి రావడం మారలేదు.

రేషన్ కార్డుల సంగతే చూడండి. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసింది. పట్నంలో కూలి చేసుకునేవాళ్లు బస్సులు పట్టుకొని సొంతూళ్లకు వచ్చి పేర్లు రాయించుకున్నారు. అడిగిందల్లా చెప్పాం. ఆ తర్వాత "సమగ్ర వేదిక" అనే కంప్యూటర్ ఏర్పాటు వచ్చింది. బండ్ల రిజిస్ట్రేషన్లు, కరెంటు కనెక్షన్లు, ఇంటి పన్నులు, ఇట్లా దాదాపు 30 శాఖల లెక్కలను అది ఒకచోట కలుపుతుంది. కలిపి, ఫలానా మనిషికి కారు వుంది, ఫలానా మనిషికి ఆస్తి వుంది అని తేలుస్తుంది. కార్డుల ఏరివేతలో దీన్ని వాడారు. 2014 నుంచి 2019 దాకా 18 లక్షల 60 వేలకు పైగా కార్డులు రద్దయ్యాయి. 1,42,086 కొత్త దరఖాస్తులను తోసేశారు. ఒక నోటీసు లేదు, ఒక విచారణ లేదు. బియ్యం కోసం డీలర్ దగ్గరికి పోయిననాడే కార్డు పోయిందని తెలిసింది.

హైదరాబాదులో రిక్షా తొక్కి బతికిన ఒక మనిషి కుటుంబానికి కూడా కార్డు ఎగిరిపోయింది. కారణమేమంటే, దగ్గరి పేరున్న మరొకరి కారు ఈయన ఖాతాలో పడింది. ఇట్లా ఎందుకు జరుగుతుంది? రెండు రిజిస్టర్లలో వున్న ఇద్దరు మనుషులు ఒక్కరేనా కాదా అని యంత్రం పేరు, తండ్రి పేరు, చిరునామా చూసి అంచనా కడుతుంది. మన పేర్లు ఎట్లా వుంటాయో మనకు తెలుసు. ఒక్క వాడలోనే నలుగురు ఎల్లయ్యలు, ఆరుగురు లక్ష్ములు. ఒక కాగితంలో ఎల్లయ్య, మరోదాంట్లో యెల్లయ్య. ఇంగ్లీషులో కొట్టేసరికి గుమాస్తాకు ఎట్లా తోస్తే అట్లా. ఒకే ఇంటి నంబరు మీద మూడు కాపురాలు. వాడ బతుకు తెలిసినవాళ్లు పక్కన లేకుండా అంచనా కడితే తప్పు ఎవరి నెత్తిన పడుతుంది?

హైదరాబాదుకు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకెక్కారు. రద్దయిన కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ తనిఖీ చేయమని 2022 ఏప్రిల్లో సుప్రీంకోర్టు చెప్పింది. 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. ఆ జూలై నాటికి 2,05,734 చూశారు. అందులో 15,471 మంది అర్హులని తేలింది. వందకు ఏడుగురికి పైనే! మిగతావాళ్లకు సరిగ్గానే తీశాం కదా అని అధికారులు అనవచ్చు. ఆ ఏడు ఇండ్లలో ఏండ్ల తరబడి ఎగ్గొట్టిన బియ్యం ఎవరు తిరిగిస్తారు? మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చన్న కబురే అందని వాళ్ల లెక్క ఏ యంత్రంలో వుంది?

ఈ లెక్కలు బయటికి తీసింది 2024 జనవరిలో అల్ జజీరాలో వచ్చిన పరిశోధన. అదే ఏడాది ఏప్రిల్లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఈ యంత్రం పనితీరు మీద వివరణ అచ్చువేసింది. మంచి పని చేశారు. కాని రెండూ ఇంగ్లీషులో. మన బువ్వ గురించిన పరిశోధన ప్రపంచమంతా తిరిగి, మన వాడ పొలిమేర దగ్గర ఆగిపోయింది.

దాన్ని లోపలికి తెచ్చేదెవరు? అమీర్‌పేట మైత్రీవనానికి పోయి చూడండి. మెట్లు, గోడలు, కరెంటు స్తంభాలు అన్నీ కోర్సుల బోర్డులే. జావా, ఒరాకిల్, టెస్టింగ్, పైథాన్. అమ్మ నాట్లేసిన కూలి, నాయిన చేసిన అప్పు ఫీజుగా కట్టి, ఇరుకు హాస్టల్లో వుండి చదివే పిల్లల్లో మన పిల్లలూ వున్నారు. రెండు పట్టికలను పేరు చూసి కలపడం అక్కడ డేటాబేస్ కోర్సులో తొలి పాఠాల్లోనే వస్తుంది. సమగ్ర వేదిక గుట్టు కూడా మూలంలో అదే. తాత విప్పలేకపోయిన ముడి మనవరాలు విప్పగలదు. మైత్రి బుద్ధుడి మాట. సోదరభావానికి అంబేడ్కర్ మెచ్చిన మాట. మైత్రీవనంలో చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వుద్యోగం వెతుక్కోండి, తప్పకుండా వెతుక్కోండి. పండక్కి ఇంటికొచ్చినప్పుడు ఒక్క సాయంత్రం అంబేడ్కర్ బొమ్మ దగ్గర కూచొని, కార్డు ఎట్లా పోతుందో తెలుగులో చెప్పండి.

మనం లెక్కకు వ్యతిరేకులం కాదు. కులాల లెక్క తీయాలని అడిగినవాళ్లం మనమే. 2024 నవంబరు 6న మొదలైన తెలంగాణ కుల సర్వేలో ఎస్సీలు 17.43 శాతమని 2025 ఫిబ్రవరిలో తేలింది. ఆ అంకె మన చేతిలో వుంటే వాటా అడిగే ఆయుధం. మనకు కనపడకుండా పైనే వుంటే మళ్లీ పట్వారీ దస్తరమే.

లెక్క కిందికి దిగడం ఎట్లాగో ఈ నేలకు తెలుసు. 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వుపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిగింది. మస్టర్లు గ్రామసభలో చదివి వినిపిస్తే, పని చేయని పేర్లు, చేసినా అందని కూలి నలుగురిలో బయటపడ్డాయి. 2013 ఆహార భద్రత చట్టం 27వ సెక్షన్ రేషన్ రికార్డులను జనం ముందు పెట్టమంటున్నది. 28వ సెక్షన్ సామాజిక తనిఖీ చేయమంటున్నది. సమాచార హక్కును మాత్రం కోశారు. 2023 డేటా రక్షణ చట్టం తెచ్చిన సవరణ 2025 నవంబరులో అమలుకు వచ్చాక "వ్యక్తిగత సమాచారం" అని తలుపు వేయడం సులువైంది. అయినా 8(2) సెక్షన్ బతికే వుంది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చని అది చెబుతుంది. దరఖాస్తులో ఆ మాట రాయండి.

మన డిమాండ్లు ఇవి. నోటీసు ఇచ్చి, కారణం తెలుగులో రాసి, మనిషి ఇంటికొచ్చి విచారించాకే కార్డు ముట్టుకోవాలి. ఏ శాఖ లెక్క చూసి తీశారో చెప్పాలి. యంత్రం ఏ నియమాల మీద నడుస్తుందో గ్రామసభలో పెట్టాలి. తప్పుగా తీస్తే పోయిన నెలల బియ్యం లెక్కగట్టి ఇవ్వాలి.

ఈ పదిహేను రోజుల్లో ప్రతి సంఘం ఒక పని చేయాలి. వాడలో కార్డు పోయిన ఇండ్ల జాబితా రాయండి. ఎప్పుడు పోయింది, ఏం చెప్పారు, ఇంట్లో ఎందరు, అన్నీ రాయండి. వాళ్ల ఒప్పుకోలుతోనే రాయండి, రాసింది వాళ్లకే చదివి వినిపించండి. దస్తరం ఎట్లా వుండాలో ముందు మనమే చేసి చూపిద్దాం. ఆ జాబితా పట్టుకొని అందరం కలిసి మండలాఫీసుకు పోదాం.

జై భీమ్!