రామాలయం బోరింగు తీసెయ్యొద్దు అంటున్నాను, ఎందుకంటే

ఈసారి జీడి గురించి గాని కొబ్బరి గురించి గాని కాదు. వచ్చే ఆదివారం మా ఊళ్లో మీటింగు ఉంది. రామాలయం ముందున్న చేతి బోరింగు పీకేసి, అదే బోరులో ఒక హెచ్.పి. మోటారు దించి, పక్కన ప్లాస్టిక్ ట్యాంకు పెట్టి నాలుగు కుళాయిలు బిగిద్దామని అనుకుంటున్నారు. ఊరంతా సరే అంటోంది. నేను మోటారుకి సరే, బోరింగు తియ్యడానికి మాత్రం ఒప్పుకోను అంటున్నాను. మీటింగులో ఎవరూ ఎవర్నీ పూర్తిగా మాట్లాడనివ్వరు, మనోళ్ల సంగతి మీకు తెలిసిందే. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. 2016లో మా వీధి బోరింగు తీయించినోళ్లలో ముందున్నది నేనే. ఆరోజు మా పిన్ని ఒక్కర్తే అడ్డు చెప్పింది. "ఒరే, కరెంటు పోతే ఏటి సేస్తార్రా?" అంది. "పిన్నీ, ఇంకా ఏ కాలంలో ఉన్నావే" అని అందరి ముందూ నవ్వేశాను. హ్యాండిలు, పైపులు, రాడ్లు పంచాయతీ షెడ్డులో పడేశారు. కొన్నాళ్లకి అవి తుక్కులోకి పోయాయి. ఎవరు అమ్మారో ఇప్పుడెందుకు లెండి.

రెండేళ్లకి తిత్లీ వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లారకముందే పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో ఉన్నోళ్లకి ఆ రాత్రి గురించి నేను చెప్పక్కర్లేదు. చెట్లు పోయాయని అందరం ఏడ్చాం గాని, మర్నాడు పొద్దున్నే మొదట వచ్చిన కష్టం నీళ్లు. స్తంభాలు ఒరిగిపోయాయి. మా ఊరికి తొమ్మిది రోజులు కరెంటు లేదు. మా వీధి బోరులో నీళ్లు నిండుగా ఉన్నాయి, పైనుంచి రాయేస్తే చప్పుడు వినపడుతుంది. కాని పైకి రావు. మోటారు పైకి లాగి చేతి పంపు దింపుదామంటే దింపడానికి పంపు లేదు, మెకానిక్కు రావాలంటే దారంతా కొబ్బరిచెట్లు అడ్డంగా పడున్నాయి. జనరేటరు మూడో రోజుకి వచ్చింది, అదీ నాలుగు ఊళ్లకి ఒకటి.

అప్పుడు ఊరు మొత్తానికి మిగిలినవి రెండే బోరింగులు, ఒకటి బడి దగ్గర, ఒకటి ఈ రామాలయం ముందు. రాత్రి మూడు గంటలకి లాంతరు పట్టుకుని లైన్లో నిలబడ్డాను. ముందు మనుషులకి, తరవాత పశువులకి అని పెద్దలు వరస పెట్టారు. మా ఆవు అరుస్తుంటే ఇంటి దగ్గర వినలేక లైన్లోనే ఉండిపోయేవాణ్ణి. పిన్ని నా వెనకాలే బిందెతో నిలబడింది. పాత మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

ఇదంతా చదివి నేను మోటారుకి శత్రువునని అనుకోకండి. ఆ హ్యాండిలు కొట్టేది మన మగాళ్లం కాదు. మా ఇంట్లో ముప్పయ్యేళ్లు కొట్టింది మా ఆవిడ, ఇప్పుడు కుడి భుజం పైకి లేవదు. కోడలు నిండు గర్భిణిగా ఉన్నప్పుడు కూడా రెండేసి బిందెలు మోసింది. నేను తుండు భుజాన వేసుకుని అరుగు మీద కూర్చుని చూశాను, దాచేదేముంది.

లెక్క వేసి చూస్తే ఇంకా సిగ్గేస్తుంది. కుళాయిలు లేని రోజుల్లో సర్కారు లెక్క 250 మందికి ఒక బోరింగు, మనిషికి రోజుకి 40 లీటర్లు. అంటే రోజుకి పది వేల లీటర్లు. ఇండియా మార్క్ 2 పంపు నిమిషానికి నలభైసార్లు కొడితే పన్నెండు లీటర్ల దాకా పోస్తుంది. పదివేలు రావాలంటే పద్నాలుగు గంటల దగ్గర ఆగకుండా కొట్టాలి. ఎవరు కొడతారని ఆ లెక్క రాసినోళ్లు అనుకున్నారో గాని, కొట్టింది ఆడోళ్లు. నీళ్లు అరవై డెబ్బై అడుగుల కింద ఉంటే ఆ పని ఇంచుమించు ఒక నలభై క్యాండిల్ బల్బు వెలగడంతో సమానం. ఒక హెచ్.పి. అంటే 746 వాట్లు. పైపుల్లో, పంపులో సగం వృథా పోయినా తొమ్మిది మంది పని మోటారు ఒక్కటే చేస్తుంది. కాబట్టి మోటారు పెట్టాల్సిందే. అందులో వాదన లేదు.

నా వాదన అదే బోరులో ఎందుకు అని. ఉన్నదాన్ని పీకితే ఖర్చు తక్కువ, నిజమే. కాని 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్. ఎనిమిదేళ్లలో నాలుగు తుపాన్లు మన ఉత్తరాంధ్ర మీదికో, పక్కన ఒడిశా మీదికో వచ్చాయి. ఇలాంటి చోట ఊరిలో నీళ్లన్నీ కరెంటు తీగకి కట్టేస్తే ఎలాగ? తుపాను సంగతి వదిలెయ్యండి, మామూలు రోజుల్లో కూడా వోల్టేజి పడిపోయి వైండింగు కాలితే మోటారు పైకి తీసి, పలాస తీసుకెళ్లి, మళ్లీ దింపేసరికి నాలుగు రోజులు. ఆ ఖర్చు ఎవరిదని తగువు ఇంకో నాలుగు రోజులు.

బోరింగులో ఏముంది, హ్యాండిలు, గొలుసు, రాడ్లు, కింద ఇత్తడి సిలిండరు, అందులో వాషర్లు. 1970ల్లో పోతఇనుము పంపులు ఊరూరా విరిగిపోతుంటే, షోలాపూర్‌లో చేసిన పంపుని చూసి, యూనిసెఫ్ సాయంతో ఊరి వాడకానికి తట్టుకునేలా చేసిన పంపు ఇది.

"ఉద్దానంలో బోరు నీళ్లు తాగమంటావా?" అని ఒక తమ్ముడు నిన్న అడిగాడు. మంచి ప్రశ్నే. కిడ్నీ జబ్బుకి కారణం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు, అనుమానం మాత్రం నీళ్ల మీద పోలేదు. తాగడానికి హిరమండలం నుంచి పైపుల్లో వచ్చే నీళ్లే మంచివి, నేను కాదనను. కాని ఆ నీళ్లు తోడడానికీ కరెంటే కావాలి. తీగలు తెగిన రోజున పశువులకి, స్నానాలకి, అంట్లకి, మరుగుదొడ్డికి ఏ నీళ్లు వాడతాం? తాగే నీళ్లు రెండు డ్రమ్ములు ముందే పట్టి దాచుకోవచ్చు. ఆవుకి రోజుకి నాలుగైదు బిందెలు దాచగలమా?

అందుకని ఆదివారం నేను అడిగేది ఇది. బడి వెనకాల ఎండాకాలంలో కూడా నీళ్లుండే పాత బోరు ఒకటి ఖాళీగా ఉంది, మోటారు అందులో దించండి. ట్యాంకు దాకా పైపు కొంచెం ఎక్కువ పడుతుంది, దానికి మా ఇంటి వంతు కంటే రెట్టింపు ఇస్తాను. రామాలయం బోరులోనే పెట్టాలని పట్టుబడితే, మహారాష్ట్ర, జార్ఖండ్ ఊళ్లలో ఒకే బోరులో మార్క్ 2 పంపూ సోలార్ మోటారూ రెండూ పనిచేసేలా పెట్టారు. మా బోరు ఆరంగుళాలది, మన దగ్గర కుదురుతుందా లేదా ఇంజినీరు గారిని పిలిపించి అడగండి. అడక్కుండా పీకొద్దు.

ఇంకొకటి. బోరింగు ఉంచితే సరిపోదు, కొడుతూ ఉండాలి. వాడకుండా వదిలేసిన పంపు రాడ్లు తుప్పు పట్టి, వాషర్లు పాడైపోయి, తీరా అవసరమైనప్పుడు హ్యాండిలు గాలి కొడుతుంది. బడి దగ్గరది ఇప్పుడు అదే స్థితిలో ఉంది. శనివారం వెళ్లి కొట్టి చూశాను, యాభై దెబ్బలకి గ్లాసుడు తుప్పునీళ్లు వచ్చాయి. వాషర్ల సెట్టు కోసం రేపు టెక్కలి వెళ్తున్నాను. మీ ఊళ్లో బోరింగు మెకానిక్కు ఇంకా ఎవరైనా పనిచేస్తుంటే కింద చెప్పండి, మావాడు ముసలాడైపోయి మానేశాడు.