పాలసీ రాసేటోళ్లకేనా తెలివి?

"నిపుణులు చెప్పిండ్రు." సర్కారు ఏ పాలసీ తెచ్చినా మన నోరు మూయించే మాట ఇదే. నిపుణులు అక్కర్లేదని ఎవ్వరూ అంటలేరు. రోగాల లెక్క, వానల లెక్క చదువుకున్నోళ్లే చెప్పాలె. కాని ఆ నిపుణుడు ఎవలు, ఎవల్ని అడిగి చెప్పిండన్నదే అసలు ముచ్చట.

1999ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు విజన్ 2020 తెచ్చింది. దాని తయారీల మెకిన్సే అనే కన్సల్టెన్సీ కంపెనీ చెయ్యి ఉంది. ఎవుసం మీద బతికేటోళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్నది అందుల ఒక లెక్క. కాయితం మీద అది అంకె. ఊర్లల్ల అది బతుకు. భూమి ఇడిసినోళ్లు ఎక్కడికి పోవాలె?

2001 జూన్‌ల జహీరాబాద్ దిక్కు అల్గోల్‌ల ఈ ప్రశ్న మీదనే "ప్రజాతీర్పు" పేరుతోని ఒక జ్యూరీ కూసుంది. అందుల చిన్న రైతులే ఎక్కువ, ఆడోళ్లే ఎక్కువ. ఆఫీసర్లు, సైంటిస్టులు, కంపెనీలోళ్లు చెప్పింది ఇన్నరు, ఎదురు ప్రశ్నలేసిండ్రు. ఆఖరికి తేల్చి చెప్పిండ్రు: రైతుల్ని తగ్గించుడు వద్దు, జన్యుమార్పిడి పంటలు వద్దు, కాంట్రాక్టు సేద్యం వద్దు. మా నేల, మా తీరొక్క పంటలు, మా తెలివి మీద ఎవుసాన్ని నిలబెట్టుండ్రి.

ఆ తీర్పుకు చట్టబలం లేదు. 2002 మార్చిల కేంద్రం బీటీ పత్తికి అనుమతిచ్చింది. తర్వాత చాన మంది రైతులే దాన్ని ఏసిండ్రు. కాబట్టి జ్యూరీ మాటతోని మీరు ఒప్పుకోకపోవచ్చు. కాని వాళ్లు అన్ని దిక్కుల మాట ఇని, నలుగురి ముందట తీర్పిచ్చిండ్రు. సర్కారు గట్ల చేస్తుందా?

2020ల పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదాను 22 భాషలల్ల ఇయ్యమని ఢిల్లీ హైకోర్టు చెప్తే, కేంద్రం సుప్రీంకోర్టుకు పోయింది. మన భాషల ఇయ్యకుంట మన అభిప్రాయం అడుగుడు ఎందుకు?

2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 చూడుండ్రి. ముఖ్యమైన పాలసీ చేసేటప్పుడు దాని సంగతులన్ని సర్కారే బయటపెట్టాలె. మనం అడగకముందే.

పెట్టకపోతే దరఖాస్తు రాయుండ్రి. "ఎందుకు చేసిండ్రు" అని రాస్తే తిప్పి పంపుతరు. రికార్డు అడగుండ్రి: ఏ రిపోర్టు చూసిండ్రో దాని కాపీ, ఫైల్ నోటింగులు, ఏ ఊర్లె ఎవల్ని అడిగిండ్రో ఆ మీటింగు మినిట్స్. 30 రోజుల్ల జవాబియ్యాలె. "మా దగ్గర రికార్డు లేదు" అని వస్తే, గదే కాయితం గ్రామసభల సదివి ఇనిపియ్యుండ్రి.